నాలుకతో చదివిన కవులు

వైకల్యం మీద కవిత్వం అనగానే మన విమర్శకు ముందుగా దొరికే మాట 'జయించాడు'. చూపు పోయినా రాశాడు, వేళ్లు పోయినా రాశాడు, మంచాన పడ్డా రాశాడు. మెచ్చుకోలు ఆ 'పోయినా' దగ్గరే ఆగిపోతుంది. కవి ఏం రాశాడు, ఎక్కడ కూర్చుని రాశాడు, అక్కడ ఎందుకు కూర్చోవలసి వచ్చింది అని అడిగేవాళ్లు తక్కువ. ఈ అలవాటు ఎంత పైపైదో తేల్చుకోవాలంటే జపాన్ కుష్ఠు శానటోరియాల్లో పుట్టిన కవిత్వాన్ని చూడాలి. 1907 నుంచి 1996 దాకా ఏదో ఒక చట్టం ఆ రోగుల్ని లోకం నుంచి విడిగా ఉంచింది. ఆ ఆవరణల్లో తంకాలు, హైకూలు, వచన కవితలు కుప్పలుగా పుట్టాయి. 2002లో మొదలై 2010 నాటికి పూర్తయిన హాన్సెన్ వ్యాధి (కుష్ఠుకే మరో పేరు) సాహిత్య సర్వస్వం పది సంపుటాలైంది. అందులో సగం దాకా కవిత్వమే. రాసినవాళ్లలో చాలామందికి చూపు లేదు, వేళ్లు లేవు, కొందరికి చివరికి గొంతు కూడా మిగల్లేదు. ఇంత సాహిత్యాన్ని సంకల్పబలం ఖాతాలో రాసేసుకోవడం సులువు. నాకు మాత్రం ఆ లెక్క తప్పనిపిస్తుంది. శరీరంతో ఈ కవులు ఒక సర్దుబాటుకు వచ్చారు, అదీ ఒంటరిగా కాదు, పక్క మంచం మనిషి సాయంతో. వాళ్లు తలపడింది గోడతో. ఆ గోడను కట్టింది సూక్ష్మజీవి కాదు, సర్కారు.

గోడ ఎలా లేచిందో ముందు చూడాలి. 1907 నాటి చట్టం ఇల్లూ వాకిలీ లేక గుళ్ల దగ్గర, దారుల పక్కన తిరిగే రోగుల కోసం చేసింది. రష్యాను యుద్ధంలో ఓడించి, పెద్ద దేశాల సరసన పీట వేసుకున్న జపాన్‌కు గుడి మెట్ల మీద రోగులు విదేశీయుల కంట పడటం నామోషీ అయింది. 1909లో ఐదు ప్రాంతీయ శానటోరియాలు తెరిచారు. 1915లో టోక్యో దగ్గరి జెన్‌సేయ్ శానటోరియంలో, పెళ్లి చేసుకోవాలంటే మగవాడు వేసెక్టమీ చేయించుకోవాలనే పద్ధతి మొదలైంది. మరుసటి ఏడాది డైరెక్టర్లకు రోగుల్ని శిక్షించే అధికారం ఇచ్చారు. ఆసుపత్రి అధికారి చేతికి జైలు తాళాలు వచ్చాయన్నమాట. 1931 చట్టం బిచ్చగాళ్లనే కాదు, ఇంట్లో భార్యాబిడ్డలతో ఉన్న రోగుల్ని కూడా వదల్లేదు. మా ప్రాంతంలో ఒక్క రోగీ లేడని చాటుకోవడానికి జిల్లాలు పోటీ పడ్డాయి. ఇరుగుపొరుగు చెవిన వేస్తే చాలు, అధికారులు వచ్చి మనిషిని తీసుకుపోయేవారు, ఇంటిని మందు నీళ్లతో కడిగేవారు. ఇల్లు కడిగిన సంగతి ఊరంతా చూసేది కాబట్టి వెనక మిగిలిన కుటుంబానికి పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పలకరింపులు అన్నీ అక్కడితో ఆగిపోయేవి.

ఒకాయామా తీరంలో, సెతో లోపలి సముద్రంలో నాగషిమ అనే దీవి ఉంది. దేశంలో తొలి జాతీయ కుష్ఠు శానటోరియం, నాగషిమ ఐసేయెన్, అక్కడే 1930లో తెరుచుకుంది. మొదటి రోగులు మరుసటి ఏడాది మార్చిలో వచ్చారు. దీవికీ ఒడ్డుకూ మధ్య నీళ్లు బాగా ఇరుకైన చోట 30 మీటర్లకు మించవు. ఈత వచ్చినవాడికి అదొక లెక్క కాదు. కొత్తగా వచ్చినవాడికి ముందు క్రెసాల్ అనే క్రిమినాశిని కలిపిన తొట్టెలో స్నానం చేయించేవారు. వెంట తెచ్చుకున్న డబ్బు తీసుకుని, ఆ ఆవరణలో తప్ప బయట ఎక్కడా చెల్లని నాణేలు ఇచ్చేవారు. పారిపోయి ఒడ్డెక్కినా పడవకూ రైలుకూ చేతిలో చిల్లిగవ్వ ఉండకూడదని ఆ ఏర్పాటు. ఆ 30 మీటర్ల మీద వంతెన 1988లో వచ్చింది. కుష్ఠును నయం చేసే మందు వచ్చిన నాలుగు దశాబ్దాలకు!

ఇక వైకల్యం సంగతి. కుష్ఠు బాసిల్లస్ నరాల్ని పట్టుకుంటుంది. చేతులు, కాళ్లు, ముఖం, ముక్కు వంటి చల్లని భాగాలు దానికి ఇష్టం. వేలి కొసల్లో స్పర్శ పోతుంది, రెప్ప మూతపడదు, కన్ను ఎండి పుండవుతుంది. ఇంతవరకు జబ్బు పని. కానీ స్పర్శ లేని చేయి దానంతట అది రాలిపోదు. వేడి కుండ పట్టుకుని కాలితే, గొడ్డలి పిడి ఒరుసుకుని పుండైతే, ఆ పుండుతోనే మర్నాడు మళ్లీ పనికి దిగితే పోతుంది. శానటోరియాలు నడిచిందే రోగుల పనితో. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే వంట చేయాలి, నేల దున్నాలి, బట్టలు ఉతకాలి, మంచం పట్టినవాళ్లకు అన్నం తినిపించాలి, కట్లు కట్టాలి. కొత్తగా వచ్చినప్పుడు నిండుగా ఉన్న చేతులు కొన్నేళ్లకు మొండి చేతులైన కథలు ఆ జ్ఞాపకాల నిండా ఉన్నాయి. కుసాత్సు కొండల్లోని కుర్యూ రకుసెన్‌యెన్ శానటోరియంలో 1938 నుంచి 1947 దాకా ప్రత్యేక శిక్షా కొట్లు ఉండేవి. చలి కొరికే ఆ కొండల్లో నిప్పు సెగ లేని ఆ కొట్లలో 93 మందిని పెట్టారు, 23 మంది అక్కడే గానీ బయటికి తెచ్చిన కొద్ది రోజులకు గానీ పోయారు. ఈ సంగతులు తెలిశాక, కవి వేళ్లు పోవడం ప్రకృతి రాసిన రాత అనీ, దాన్ని అతను ఆత్మబలంతో గెలిచాడనీ రాస్తే, వేళ్లు పోవడంలో వాటా ఉన్నవాళ్ల పేర్లన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

వేళ్లూ చూపూ లేనివాళ్లు పద్యం ఎలా కట్టారు? నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది ఇదే. శానటోరియాల్లో నవల అరుదు. హోజో తమియో వంటి కొద్దిమంది కథకులు తప్పితే, వచ్చినవాళ్లలో ఎక్కువమంది తంకా దగ్గరికో హైకూ దగ్గరికో చేరారు. దాన్ని జపాన్ మనిషి స్వభావం అని సరిపెట్టేవాళ్లున్నారు, కానీ కారణం అంతకన్నా మోటుది. తంకా 31 మాత్రలు, హైకూ 17. కాగితం లేకుండా తలలో పట్టేంత సరుకు. మన అవధాని కలం ముట్టకుండా నాలుగు పాదాల్నీ విడివిడిగా పూరించి చివర్న వరసగా అప్పజెప్పగలగడానికి ఛందస్సు ఎలా ఊతమో, ఆ రోగులకు ఐదు, ఏడు మాత్రల పాదాల లెక్క అలా ఊతమైంది. కట్టు కింద పుండు నొప్పి పెట్టే రాత్రి మనసులోనే తిప్పి తిప్పి పద్యం సరిచేసుకోవచ్చు, తెల్లారాక కళ్లూ వేళ్లూ ఉన్న మనిషికి చెప్పి రాయించుకోవచ్చు. ఈ రాసిపెట్టే మనుషులు కూడా రోగులే. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, ఏ అక్షరం వాడాలో అడిగి, పత్రికకు పంపేవారు. ఒక్కరే పలువురు అంధుల పద్యాలు మోసిన సందర్భాలున్నాయి. అచ్చులో మాత్రం ఒక్క పేరే కనిపిస్తుంది. ఇన్ని చేతులు కలిసి నిలబెట్టిన రచనను ఒక వ్యక్తి విజయం అనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

చదవడం ఇంకా కష్టం. జపాన్‌లో బ్రెయిలీ 1890 నుంచి ఉంది, కానీ అది వేలి కొసల చదువు. వేలి కొసే మొద్దుబారితే చుక్కలు తెలియవు. శరీరంలో స్పర్శ మిగిలిన చోటు వెతుక్కుంటూ వీళ్లు పెదవుల దగ్గరికి, అక్కణ్ణించి నాలుక దగ్గరికి వచ్చారు. మందపాటి కాగితాన్ని మొండి చేతులతో ముఖం మీదికి తెచ్చుకుని, నాలుక కొసతో వరస వెంట వరస తడుముతారు. మొదట్లో గంటసేపు కుస్తీ పడితే ఒకటి రెండు అక్షరాలు. తడికి కాగితం ఉబ్బి చుక్కలు అణిగిపోతాయి, మళ్లీ ఒరుసుకుని నాలుక చిట్లి నెత్తురు వస్తుంది, ఆ ఎరుపు తనకు కనబడదు, పక్కవాడు చెబితే తెలుస్తుంది. కొరియాలో 1926లో పుట్టి చిన్నతనంలోనే జపాన్ వచ్చిన కిమ్ హా ఇల్ ఇలా చదవడం నేర్చాడు. కుర్యూ రకుసెన్‌యెన్‌లో ఉంటూ తంకాలు కట్టాడు, జపాన్ బ్రెయిలీతో ఆగక కొరియా లిపి బ్రెయిలీని కూడా నాలుకతోనే పట్టాడు. పరాయి దేశంలో, పరాయి ఛందస్సులో రాస్తూ తల్లి భాషను నాలుక మీదికి తిరిగి తెచ్చుకున్న మనిషి అతను. ఐసేయెన్‌లో కొందో కోయిచి 1953లో తోటి అంధ రోగుల్ని కూడగట్టి 'నీలి పిట్ట' అనే హార్మోనికా బృందం పెట్టాడు. స్వరాలు కూడా బ్రెయిలీలోనే ఉండేవి, అతను వాటిని నాలుకతో చదివి మిగతావాళ్లకు నేర్పేవాడు. ఇలాంటి చోట 'జయం' అన్న మాట వాడకూడదని నేను అనను. ఇది జయమే. కానీ దేని మీద? కిమ్ నాలుకతో చదవడం వల్ల అతని వేళ్లకు స్పర్శ రాలేదు. పుస్తకం దగ్గరికి దారి వచ్చింది, అదీ చదువు నేర్పే తోటి రోగి, చుక్కలు పొడిచి ఇచ్చే మనిషి ఉండబట్టి.

ఈ కవుల్లో బయటి ప్రపంచానికి మొదట తెలిసినవాడు అకాషి కైజిన్. 1901లో షిజుఓకా జిల్లా నుమజులో పుట్టాడు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, పెళ్లయి ఇద్దరు కూతుళ్లు. పాతికేళ్ల వయసులో జబ్బు బయటపడింది. ఇంటికి దూరంగా వైద్యంలో ఉండగా చిన్న కూతురు పోయింది. 1932లో ఐసేయెన్ చేరాడు. 1936 నాటికి చూపు, 1938లో ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేయడంతో మాట పోయాయి. 1930ల చివర్లో కైజోషా ప్రచురించిన సమకాలీన తంకాల మహా సంకలనంలోకి అతని పద్యాలు పదకొండు ఎంపికయ్యాయి. 1939 ఫిబ్రవరిలో 'హకుబ్యో' సంపుటి వచ్చింది, జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది జూన్‌లో అతను పోయాడు. ఆ పుస్తకాన్ని లోకం చదివిన తీరులోనే నా వాదనకు మొదటి సాక్ష్యం ఉంది. 'హకుబ్యో'లో రెండు భాగాలున్నాయి. మొదటిది రోగ నిర్ధారణ నుంచి అంధత్వం దాకా జీవితాన్ని వరసగా చెప్పే వాస్తవిక పద్యాలు. రెండోది 'కగే', అంటే నీడ. అందులో జబ్బు కథ లేదు. ఆ కాలపు కొత్త కవిత్వపు పోకడలతో, ప్రతీకలతో, కలలాంటి చిత్రాలతో సాగుతుంది. కవిగా అతను వెళ్లదలచిన దారి అది. పాఠకులు మొదటి భాగం చదివి కన్నీళ్లు పెట్టుకున్నారు, రెండో భాగాన్ని చాలావరకు దాటేశారు. రోగి కావాలి, కవి అక్కర్లేదు. అంత బాధలోనూ రాశాడని మెచ్చుకున్న చెయ్యే, బాధ గురించి కాక మరోదాని గురించి రాస్తే పుస్తకం మూసేసింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఈ కవిత్వంలో తిరుగుబాటు ఎక్కడుంది? 1930ల శానటోరియం పద్యాల నిండా కృతజ్ఞతే. ఐసేయెన్ తొలి డైరెక్టర్ మిత్సుద కెన్సుకేను తండ్రిలా కొలిచిన పద్యాలున్నాయి, రాజమాత తేమేయ్ రోగుల మీద 1932లో రాసిన తంకాను తలకెత్తుకున్న పద్యాలున్నాయి. ఆ తంకా శిలాఫలకాలు శానటోరియాల్లో ఇప్పటికీ ఉన్నాయి. లోపలివాళ్లే గోడను ఒప్పుకున్నప్పుడు, బయట కూర్చుని గోడతో తలపడ్డారనడం మన కల్పన కాదా? ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. కానీ ఆ పద్యాలు ఏ దారిన అచ్చయ్యాయో చూడాలి. శానటోరియం పత్రికలు అధికారుల కనుసన్నల్లో నడిచేవి. రోగులకు తంకా నేర్పినవాళ్లలో ఉద్యోగులే ఉండేవారు. కైజిన్‌ను ప్రోత్సహించి పుస్తకం దాకా తెచ్చిన ఉచిద మొరితో ఐసేయెన్ డాక్టరు, అందులోనూ కంటి డాక్టరు. అతని శ్రద్ధ నిజం, పద్యాల మీద ప్రేమ నిజం. అయితే మనసుకు ఊరట దొరికితే మనిషి పారిపోడన్న పాలన తెలివి కూడా అంతే నిజం. శిక్షించే అధికారం ఉన్న డైరెక్టరు కంట పడే పత్రికలో రోగి మరేం రాస్తాడు? 1936 ఆగస్టులో, కైజిన్ కళ్లు పోతున్న అదే ఏడాది, ఐసేయెన్ రోగులు కిక్కిరిసిన గదుల మీద, పని పరిస్థితుల మీద తిరగబడి సమ్మె చేశారు. పద్యాల్లో కృతజ్ఞత, ఆవరణలో సమ్మె. ఒకే దీవి, ఒకే మనుషులు. నాకు సమ్మెతో కలిపి చదివితేనే ఆ పద్యాలు అర్థమవుతాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పుండు కడిగిన నర్సు మీద కృతజ్ఞతను వ్యవస్థ మీద ఒప్పుదల అనుకోవడం చదివేవాడి పొరపాటు. అవి వేర్వేరు సంగతులు.

అధికారుల కన్ను పక్కకు తిరిగినప్పుడు కవిత్వం ఏమైందో చూస్తే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. అమెరికాలో యుద్ధకాలంలో వాడుకలోకి వచ్చిన ప్రోమిన్ మందును జపాన్‌లో 1946లో తయారు చేశారు. 1948 నాటికి అది అందరికీ కావాలని రోగులే ఉద్యమం నడిపారు. కుష్ఠు నయమయ్యే జబ్బయింది. 1951లో అన్ని జాతీయ శానటోరియాల రోగులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది మిత్సుద పార్లమెంటు ఎగువ సభ కమిటీ ముందు నిర్బంధం ఇంకా గట్టిగా ఉండాలని చెప్పాడు, అదే ఏడాది అతనికి దేశపు సంస్కృతి పతకం దక్కింది. 1953లో రోగులు పార్లమెంటు ముందు కూర్చున్నా ఆగస్టులో కొత్త చట్టం పాతదానిలాగే వచ్చింది. ఆ 1953లోనే 'ఇనోచి నో మే', ప్రాణపు మొలక అనే సంకలనం వెలువడింది. ఎనిమిది శానటోరియాల నుంచి 73 మంది కవులు, సంపాదకుడు బయటి కవి ఓఎ మిత్సువో. తంకాలు కావు, వచన కవితలు. ఈ కవులకు మందు తెలుసు, సంఘం తెలుసు, తమను ఉంచిన చోటు ఆసుపత్రి కాదని తెలుసు. వాళ్లు తమ తలరాత గురించి తక్కువగా, తమ హక్కు గురించి, లోకంతో మళ్లీ కలవడం గురించి ఎక్కువగా రాశారు. శరీరాలు పదేళ్ల కిందటివే, వైకల్యాలూ అవే. మారింది చుట్టూ ఉన్న ఏర్పాటు, దాంతో కవిత్వం స్వరం మారింది. వైకల్యాన్ని జయించే ఆత్మబలం ఒక్కటే ఈ సాహిత్యానికి మూలమైతే 1935కీ 1953కీ మధ్య అంత తేడా రావడానికి కారణం చెప్పలేం.

కొందరు సాహిత్య ప్రియులు వేరే వైపు నుంచి అడ్డుపడతారు. మీ లెక్కన ఈ పద్యాలన్నీ కోర్టు కాగితాలైపోతాయి, కవిత్వంగా వాటి విలువ ఏమవుతుంది? నిజానికి కవిత్వపు విలువను మింగేసింది 'జయించాడు' అనే పఠనమే. హైకూ కవి మురకోషి కసెకి కుర్యూ రకుసెన్‌యెన్‌లో జీవితం గడిపాడు, నడివయసులో చూపు పోయింది. 1983లో అతనికి దకోత్సు పురస్కారం వచ్చింది. హైకూ రంగంలో ఆరితేరినవాళ్లకు ఇచ్చే బహుమతి అది, రోగుల కోటా ఏమీ లేదు. ఓషిమ సేషోయెన్ శానటోరియంలో పదమూడేళ్ల వయసులో అడుగుపెట్టిన తో కజుకో 1999లో తకమి జున్ పురస్కారం అందుకుంది, అది ఆధునిక కవిత్వానికి పెద్ద గుర్తింపు. ఆమె కవితల్లో చాలావాటిలో జబ్బు పేరే ఉండదు. ఉనికి, ప్రేమ, కాలం, మాటలతో కవి పడే పెనుగులాట ఉంటాయి. విమర్శకులు మాత్రం ఆమె పరిచయం మొదటి వాక్యంలోనే జబ్బు పెట్టేవారు. గోడ గురించి తెలుసుకోవడం వేరు, ప్రతి పద్యంలో గోడను వెతకడం వేరు. కైజిన్ 'కగే'ను కవిత్వంగా చదివి, 'హకుబ్యో' మొదటి భాగాన్ని చరిత్రతో కలిపి చదవడంలో ఇబ్బంది ఏమీ లేదు.

ఇంకొక వాదన ఉంది, అది వినడానికి మర్యాదగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ప్రమాదం. ఏకాంతమే వీళ్లను కవుల్ని చేసింది, ఇంట్లో ఉండి ఉంటే గుమస్తాలుగా రైతులుగా బతికి పోయేవారు అని. ఐసేయెన్‌లో 1957 నుంచి పదిహేనేళ్ల పాటు మానసిక వైద్యురాలిగా పనిచేసిన కమియ మియెకో 1966లో బతుక్కి అర్థం ఏమిటన్న ప్రశ్న మీద పుస్తకం రాసింది. దాని పేరు 'ఇకిగాయ్ గురించి'. ఇప్పుడు మన పుస్తకాల షాపుల్లో ఇకిగాయ్ పేరిట అమ్ముడుపోతున్న ఆరోగ్య సూత్రాలకూ ఆ దీవి మీద పుట్టిన పుస్తకానికీ పోలిక లేదు. ఆమె చూసిన రోగుల్లో చాలామంది బతుకు నిస్సారమని చెప్పినవాళ్లే. కొద్దిమందిలో మాత్రం లోతైన వెలుగు కనిపించింది, ఆమె పుస్తకం ఆ కొద్దిమంది వైపు మొగ్గింది. ఆమె సహృదయతను శంకించలేం. కానీ నిర్బంధాన్ని ఆమె ప్రశ్నించలేదని తర్వాతివాళ్లు పట్టుకున్నారు, వాళ్ల మాటలో న్యాయముంది. వెలిగిన కొద్దిమందిని చూపించి చీకటి మంచిదనడం చెల్లదు. శానటోరియం కవుల్ని లెక్కపెట్టేవాళ్లు పద్యం రాయకుండానే ఆ ఆవరణల అస్థి మందిరాల్లో చేరిన వేలమందిని కూడా లెక్కపెట్టాలి. ఊళ్లో సమాధి దొరకదు కాబట్టి ప్రతి శానటోరియానికీ ఒక అస్థి మందిరం ఉంది.

ఊళ్లో సమాధి దొరకకపోవడానికీ కలం పేర్లకూ సంబంధం ఉంది. శానటోరియంలో చేరగానే కుటుంబం పరువు కోసం కొత్త పేరు పెట్టుకోవడం రివాజు. ఆ పేరుతోనే పద్యాలు. హోజో తమియో 1936లో నవలాకారుడు కవబత యసునారి అండతో కథ అచ్చయి పేరు తెచ్చుకున్నాడు, మరుసటి ఏడాదే పోయాడు. అతని అసలు పేరు బంధువుల అంగీకారంతో బయటికి వచ్చింది 2014లో, అతను పుట్టి నూరేళ్లకు. తో కజుకో 2013లో పోయాక, మరుసటి ఏడాది ఆమె అస్థికల్లో కొంత భాగాన్ని ఎహిమెలోని కుటుంబ సమాధిలో, అసలు పేరు చెక్కిన రాయి కింద ఉంచారు. పురస్కారాలు అందుకున్న కవయిత్రి సొంత ఊళ్లో సొంత పేరు సంపాదించుకోవడానికి అంత కాలం పట్టింది.

ఇదంతా జపాన్ గొడవ అనుకోవడానికి వీల్లేదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రి ఆ రోజుల్లో సూది ద్వారా ఎక్కించిన నూనె, జపాన్ శానటోరియాల్లో ప్రోమిన్ వచ్చేదాకా వాడిన నూనె ఒక కుదురులోవే, హిడ్నోకార్పస్ జాతి గింజలవి. మన దేశంలో 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం కూడా దిక్కులేక తిరిగే రోగుల్ని పట్టి ఉంచడానికి చేసిందే. దాన్ని 2016లో గానీ రద్దు చేయలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019 దాకా మన వివాహ చట్టాల్లో ఉంది. జపాన్‌లో 1996 ఏప్రిల్‌లో చట్టం పోయింది. 2001 మే 11న కుమమోతో జిల్లా కోర్టు, కనీసం 1960 నాటికే నిర్బంధం అవసరం లేకుండా పోయిందని తేల్చి ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. అంటే కనీసం 36 ఏళ్ల పాటు శరీరం అడ్డం కాని చోట గోడ అడ్డంగా నిలిచిందని కోర్టే లెక్క కట్టింది.

సాహిత్య సర్వస్వంలో పదో సంపుటం పిల్లలది. బడి ఈడులో పట్టుకొచ్చినవాళ్లు రాసిన పద్యాలు, వ్యాసాలు. కొందరికి చేరే నాటికి ఒంటి మీద మచ్చ తప్ప మరేమీ లేదు, వేళ్లు ఉన్నాయి, కళ్లు ఉన్నాయి. ఇల్లు, అమ్మ, ఊరి దారి మళ్లీ మళ్లీ వస్తాయి. ఇంకా రాని వైకల్యాన్ని వాళ్లు జయించారని ఎవరూ రాయలేరు, అందుకేనేమో ఆ సంపుటం గురించి తక్కువమంది మాట్లాడతారు. జబ్బు అసలే లేని పిల్లల సంగతి మరీ విడ్డూరం. కుమమోతోలో రోగుల పిల్లల్ని ఉంచే వసతి గృహం ఒకటి ఉండేది. ఆ పిల్లల్ని ఊరి ప్రాథమిక బడిలో చేర్చుకుంటామనగానే 1954లో మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. డాక్టర్లు పరీక్షించి జబ్బు లేదన్నారు, విద్యాశాఖ చెప్పి చూసింది, గొడవ ఆగలేదు. చివరికి నగరంలోని ఒక కాలేజీ అధిపతి బడిలో చేరాల్సిన పిల్లల్ని తన దగ్గర ఉంచుకుని అక్కణ్ణించి పంపితే, అప్పుడు రానిచ్చారు.